తలుపు తీసిన ఊరు

అది 1940-41 చలికాలం. ఫ్రాన్సు దేశంలో ఒక కొండ ఊరు. చీకటి పడే వేళ పాస్టరు గారి ఇంటి తలుపు ఎవరో తట్టారు. పాస్టరు గారి భార్య మగ్దా వంటగదిలో పొయ్యిలోకి కట్టెపుల్లలు ఎగదోస్తున్నది. లేచి వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో ఒక స్త్రీ వణుకుతూ నిలబడి ఉంది. తలకు కప్పుకున్న గుడ్డ మీద మంచు పేరుకుపోయింది. తాను జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదురాలిననీ, ప్రాణభయంతో తిరుగుతున్నాననీ, ఈ ఊళ్ళో ఒక పాస్టరు ఉన్నాడని విని వచ్చాననీ చెప్పి, లోపలికి రావచ్చునా అని అడిగింది. రమ్మన్నది మగ్దా.

తడిసి ముద్దయిన ఆమె బూట్లు విప్పించి, ఆరడానికి పొయ్యిలో వేడి తగిలేచోట పెట్టింది. ఆమెను కూర్చోబెట్టి తినడానికి పెట్టింది. కాగితాలు లేని మనిషికి కాగితాలు ఇప్పించాలి గదా అని ఊరి మేయరు దగ్గరకు పరుగెత్తింది. మేయరంటే మన సర్పంచి వంటివాడు. ఆయన మండిపడ్డాడు. పరాయి దేశపు యూదురాలి ఒక్కదాని కోసం ఊరందరినీ ప్రమాదంలో పడవేస్తావా, రేపు తెల్లవారేసరికి ఆమె ఊరు దాటాలి అన్నాడు. మగ్దా చిన్నబోయి ఇంటికి వచ్చి చూస్తే బూట్లు మాడిపోయి ఉన్నాయి.

యుద్ధకాలం. తోలు బూట్లు డబ్బిచ్చినా దొరకని రోజులు. మగ్దా ఆ ఇల్లూ ఈ ఇల్లూ తిరిగి ఎవరినో అడిగి మరొక జత తెచ్చి ఆమె కాళ్ళకు తొడిగింది. మరొకచోట తలదాచుకునే దారి చెప్పి పంపింది. ఆ ఒక్క స్త్రీని తన ఇంట ఉంచుకోలేకపోయానే అన్న బాధ మగ్దాను ఏళ్ళ తరబడి వెంటాడింది. ఆ తర్వాత మాత్రం తలుపు తట్టిన వారి సంగతి ఏ అధికారికీ చెప్పలేదు. తర్వాత మూడున్నరేళ్ళ పాటు ఆ తలుపూ, ఆ ఊరి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.

కొండ మీది ఊరు

ఆ ఊరి పేరు ల షాంబొన్. ఫ్రాన్సు దక్షిణ మధ్య భాగంలో, ఓత్-లూవార్ అనే జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి మీద ఉంది. జనాభా అప్పట్లో మూడువేల లోపు. చుట్టూ పైను అడవులు, రాతి గోడల ఇళ్ళు, విడివిడిగా పొలాల మధ్య కాపురాలు. ఆవులు, బంగాళాదుంపలు, రై ధాన్యం ఇవీ వారి బ్రతుకుతెరువు. చలికాలం ఆరునెలలు గాలీ మంచూ. ఎండాకాలంలో చల్లదనానికి పట్నవాసులు వచ్చి ఉండేవారు కనుక ఊళ్ళో అద్దె గదులు, భోజనవసతి గృహాలు చాలా ఉండేవి. ఈ గదులే తర్వాత అక్కరకు వచ్చాయి.

ఫ్రాన్సులో అధిక సంఖ్యాకులు కేథలిక్కులు. ప్రొటెస్టెంటులు నూటికి ఒకరిద్దరు మాత్రమే. కానీ ఈ పీఠభూమి మీద మాత్రం ఎక్కువమంది ప్రొటెస్టెంటులే. వారిది రిఫార్మ్డ్ సంఘం. అంటే జాన్ కాల్విన్ దిద్దిన బాట. కాల్విన్ కూడా ఫ్రెంచివాడే. 1509లో పుట్టి, స్వదేశంలో నిలవలేక జెనీవా చేరి, 1564లో అక్కడే కన్నుమూశాడు. ఆయన బోధ సారాంశం ఇది: రక్షణ దేవుని కృప వల్లనే కలుగుతుంది, మనిషి చేసే పుణ్యకార్యాల వల్ల కాదు. అయితే కృప పొందినవాని బ్రతుకు మాత్రం మారి తీరాలి. పరిశుద్ధత కూలికి చేసే పని కాదు, కృతజ్ఞతతో చేసే పని. గుడిలో ఉన్నప్పుడే కాదు, పొలంలో, సంతలో, వంటింట్లో కూడా మనిషి దేవుని ఎదుటనే ఉన్నాడు.

ఈ మాటలు వినడానికి తేలిక. వాటికి ఆ కొండ మీది వారి తాతముత్తాతలు చెల్లించిన వెల మాత్రం తక్కువది కాదు.

రాజుగారి ఉత్తర్వు

1598లో ఫ్రాన్సు రాజు నాల్గవ హెన్రీ, హ్యూగెనాట్లు అనబడే ఈ రిఫార్మ్డ్ క్రైస్తవులకు ఆరాధన స్వేచ్ఛ ఇస్తూ నాంత్ పట్టణంలో శాసనం చేశాడు. ఆయన మనుమడు పద్నాలుగవ లూయీ 1685లో దానిని రద్దు చేశాడు. గుళ్ళు పడగొట్టించారు. పాస్టర్లను దేశం నుంచి వెళ్ళగొట్టారు. వెళ్ళనివారు దొరికితే ఉరి. పట్టుబడిన మగవారిని ఓడల్లో తెడ్లు లాగడానికి గొలుసులతో కట్టి పంపారు. రెండు లక్షలమంది వరకు దేశం విడిచి పారిపోయారు. మిగిలినవారు కొండల్లో, గుహల్లో, అడవుల్లో రాత్రిపూట కూడి ఆరాధన చేసుకున్నారు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో తిరిగినట్టే తామూ అనుకొని, ఆ సంఘానికి ఎడారి సంఘం అని పేరు పెట్టుకున్నారు. ఇలా నూరేళ్ళు గడిచింది. 1787లో గానీ వారికి చట్టప్రకారం పెళ్ళి చేసుకునే హక్కు రాలేదు.

ఆ ప్రాంతపు పిల్లలకు పెద్దలు చెప్పే కథల్లో మారీ దురాన్ కథ ఒకటి. విషీ కొండలకు కాదు, ఈ పీఠభూమిని ఆనుకొన్న వివరే ప్రాంతానికి చెందిన పల్లె పడుచు ఆమె. అన్న పాస్టరుగా తిరుగుతున్నాడన్న కోపంతో 1730లో ఆమెను పట్టుకొని ఎగ్ మోర్త్ అనే ఊళ్ళో ఒక బురుజులో పెట్టారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. తన మతం వదులుకుంటున్నానని ఒక్క మాట అంటే తలుపు తెరుచుకుంటుంది. ఆమె అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, 1768లో, ముసలిదై బయటకు వచ్చింది. ఆ బురుజులో నేల రాతి మీద ఎదిరించి నిలవండి అనే అర్థం వచ్చే ఒక్క మాట చెక్కి ఉంది. అది ఆమె చెక్కినదే అంటారు. ఈనాటికీ యాత్రికులు చూసివస్తారు.

ఈ కథ విని పెరిగినవారికి, పోలీసులు తరుముకుంటూ వస్తుంటే ఒక మనిషి గుమ్మంలో నిలబడి ఎలా ఉంటాడో వేరే చెప్పనక్కరలేదు. అతడు తమ ముత్తాత.

సంఘం నడిచే తీరు

1934లో ఈ ఊరి సంఘానికి ఆంద్రె త్రోక్మె అనే పాస్టరు వచ్చారు. 1901లో పుట్టారు. తల్లి జర్మను స్త్రీ. యుద్ధం ఏ రూపంలోనైనా పాపమేనని గట్టిగా నమ్మిన మనిషి. ఆ కారణంగానే వేరే సంఘాలు ఆయనను తీసుకోవడానికి వెనుకాడాయి. కొండ మీది సంఘం తీసుకున్నది. 1938లో ఎద్వార్ తెయిస్ అనే మరొక పాస్టరుతో కలిసి ఊళ్ళో ఒక హైస్కూలు పెట్టారు.

రిఫార్మ్డ్ సంఘంలో బిషప్పు ఉండడు. సభ్యులు ఎన్నుకున్న పెద్దల సభ సంఘాన్ని నడుపుతుంది. పాస్టరు అందులో ఒకడు. పెద్దల్లో రైతులు, దుకాణదారులు, బడిపంతుళ్ళు ఉంటారు. గుడి లోపల విగ్రహాలుండవు, పటాలుండవు. తెల్లటి గోడలు, ఒక ప్రసంగ వేదిక, చెక్క బల్లలు, తెరిచిన బైబిలు. షాంబొన్ గుడి తలుపు మీద మాత్రం ఒక మాట చెక్కించారు. ఒకరినొకరు ప్రేమించుకోవాలని యేసు తన శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞ అది. లోపలికి పోయే ప్రతివాడూ దాని కింద నుంచే పోవాలి.

త్రోక్మె చేసిన అసలు పని ఆదివారం ప్రసంగం కాదు. ఊరిని పేటలుగా చేసి, పేటకొకరు చొప్పున పదముగ్గురు యువకులను ఏర్పరచారు. పదిహేను రోజులకొకసారి వారు పాస్టరు గారి ఇంట కూడేవారు. బైబిలులో ఒక భాగం తీసుకొని ఆయన ఉపన్యసించడం గాక, అందరూ వాదించుకొని అర్థం తేల్చుకునేవారు. తరువాత ఎవరి పేటకు వారు వెళ్ళి, ఏదో ఒక ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి అదే చర్చ మళ్ళీ జరిపేవారు. చూడడానికి ఇది మామూలు వాక్య పఠనమే. మన పల్లెల్లో కూడా బుధవారాలు, శుక్రవారాలు ఇంటింటి ప్రార్థనలు జరుగుతూనే ఉంటాయి. కానీ ప్రమాదం వచ్చిననాడు, ఏ ఇంట్లో చోటుంది, ఎవరి నోరు గట్టిది, ఎవరి దొడ్డివాకిలి అడవివైపు ఉంది, ఈ సంగతులన్నీ ఆ పదముగ్గురికి తెలుసు. వేరే రహస్య సంఘం పెట్టవలసిన అవసరం రాలేదు. ఉన్న సంఘమే చాలింది.

గంట మోగలేదు

1940 జూన్ 22న ఫ్రాన్సు హిట్లరుకు లొంగిపోయి సంధి పత్రం మీద సంతకం చేసింది. మార్షల్ పెతాన్ అనే ముసలి సేనాని నాయకత్వాన, విషీ పట్టణం రాజధానిగా, జర్మనీ చెప్పుచేతల్లో నడిచే ప్రభుత్వం ఏర్పడింది. ఆ మరునాడు ఆదివారం. షాంబొన్ గుడిలో త్రోక్మె, తెయిస్ ఇద్దరూ కలిసి ఒక ప్రకటన చదివారు. సువార్తకు విరుద్ధమైన పని చేయమని ఎవరు ఆజ్ఞాపించినా చేయబోమనీ, కత్తి పట్టకుండా ఆత్మబలంతోనే ఎదిరిస్తామనీ, భయం గానీ ద్వేషం గానీ లేకుండా ఈ పని చేయాలనీ దాని భావం.

మొదట్లో ఎదిరింపు చిన్న చిన్న విషయాల్లోనే కనిపించింది. బడిపిల్లలు రోజూ చెయ్యి చాచి జెండాకు వందనం చేయాలని ఉత్తర్వు వచ్చింది. షాంబొన్‌లో కొందరు చేశారు, కొందరు చేయలేదు. కొన్నాళ్ళకు ఆ వందనం దానంతటదే మానిపోయింది. 1941లో మార్షలు గారి దళం వార్షికోత్సవానికి దేశంలోని గుడి గంటలన్నీ మోగించాలని ఉత్తర్వు. షాంబొన్ గుడి గంట మోగలేదు. గుడి కనిపెట్టుకొని ఉండే ఒక పేదరాలు, ఈ గంట దేవుడిది గానీ మార్షలుది కాదని చెప్పి తాడు ముట్టుకోలేదట.

ఇంతలో దక్షిణ ఫ్రాన్సులోని గుర్స్, రివ్‌సాల్త్ వంటి చోట్ల ముళ్ళకంచెల శిబిరాల్లో వేలాది యూదులను కుక్కారు. పిల్లలు ఆకలితో, రోగాలతో చనిపోతున్నారు. అమెరికా క్వేకర్లు, స్విట్జర్లాండు సహాయ సంఘాలవారు కొందరు పిల్లలను బయటకు తీసుకురాగలిగారు. కానీ వారిని తీసుకొని ఉంచే ఊరు కావాలి. ఒక క్వేకరు త్రోక్మెను కలిసి మీ ఊరు ఆ ఊరు కాగలదా అని అడిగారు. త్రోక్మె పెద్దల సభ ముందు ఈ సంగతి పెట్టారు. సభ సరేనన్నది. ఒకదాని వెంట ఒకటిగా పిల్లల వసతి గృహాలు వెలిశాయి. చిన్న రైలు కొండెక్కి వచ్చినప్పుడల్లా కొత్త ముఖాలు దిగేవి.

పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండము పందొమ్మిదో అధ్యాయం చదివినవారికి ఆశ్రయపురాల సంగతి తెలుసు. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాడు తలదాచుకునేందుకు ఏర్పరచిన పట్టణాలవి. నిరపరాధి రక్తం ఒలకరాదు, ఒలికితే ఆ దోషం ఊరిది. త్రోక్మె తరచుగా ఈ భాగం మీద ప్రసంగించేవారు. ఊరు తన మీదికి తెచ్చుకున్న బాధ్యతకు ఆధారం అదే.

ఖాళీ బస్సులు

1942 జూలై 16, 17 తేదీల్లో పారిస్ నగరంలో ఫ్రెంచి పోలీసులే దాదాపు పదమూడు వేలమంది యూదులను ఇళ్ళలోంచి లాగి పట్టుకున్నారు. వారిలో నాలుగు వేలమందికి పైగా పిల్లలు. ఆ వార్త కొండ మీదికి పాకింది. ఆగస్టులో విషీ ప్రభుత్వపు యువజన విభాగ ప్రధాన కార్యదర్శి లామిరాన్ షాంబొన్ పర్యటనకు వచ్చాడు. స్వాగత తోరణాలు లేవు. ఆరాధన కాగానే హైస్కూలు విద్యార్థులు కొందరు ఆయన చేతికి ఒక ఉత్తరం ఇచ్చారు. మాలో యూదులున్నారు, వారికీ మాకూ తేడా మేము చూడము, వారిని పట్టుకొనిపోవాలని చూస్తే దాస్తాము అని ఆ ఉత్తరంలో ఉంది. లామిరాన్ ముఖం మాడ్చుకొని, ఇది కలెక్టరు చూడవలసిన విషయమని తప్పుకున్నాడు. వెంట ఉన్న జిల్లా అధికారి త్రోక్మెను గద్దించాడు. యూదుడెవరో తమకు తెలియదనీ, తమకు తెలిసినది మనుషులేననీ త్రోక్మె జవాబిచ్చారు.

రెండు వారాలు గడవకముందే పోలీసు బస్సులు వచ్చాయి. యూదుల జాబితా ఇమ్మని అడిగారు. త్రోక్మె ఇవ్వలేదు. ఆ రాత్రే యువకులు చీకట్లో పేట పేటకూ వెళ్ళారు. తెల్లవారేసరికి పిల్లలు, పెద్దలు అడవిలోకి, దూరపు పొలాల్లోకి చేరుకున్నారు. పోలీసులు మూడు వారాల పాటు ఇల్లిల్లూ గాలించారు. ఒక మనిషి దొరికి బస్సులో కూర్చుంటే, ఊళ్ళోవాళ్ళు వరుసగా వచ్చి కిటికీలోంచి అతనికి తినుబండారాలు అందించారని చెబుతారు. కాగితాలు చూసి అతన్నీ తర్వాత వదిలేశారు. బస్సులు దాదాపు ఖాళీగానే కొండ దిగాయి.

ఆ తర్వాత ఇదొక అలవాటయింది. ఎవరో ఫోను చేసి రేపు వస్తున్నారని ఒక్క మాట చెప్పి పెట్టేసేవారు. పోలీసు ఆఫీసులోనే ఎవరో దయగల మనిషి ఉన్నాడని ఊరి నమ్మకం. పోలీసులు వెళ్ళిపోయాక ఒకరు అడవి అంచుకు పోయి పాట పాడితే, దాక్కున్నవారు ఇళ్ళకు వచ్చేవారు. కొత్తగా మనుషులను పంపేటప్పుడు ఉత్తరాల్లో పాత నిబంధన ప్రతులు ఇన్ని పంపుతున్నాం అని రాసుకునేవారట. 1942 నవంబరులో జర్మను సైన్యం దక్షిణ ఫ్రాన్సును కూడా ఆక్రమించింది. గాయపడిన జర్మను సిపాయిలు కోలుకోవడానికి షాంబొన్‌లో ఒక హోటల్లోనే దిగారు. అదే వీధుల్లో దాచిన పిల్లలు బడికి పోతూనే ఉన్నారు.

పొలాల్లోని రైతుల పేర్లు చాలావరకు ఎవరికీ తెలియవు. వారు పాస్టరు గారి ప్రసంగాలను మించి మాట్లాడేవారు కాదు. వారిలో రిఫార్మ్డ్ సంఘంలో చేరనివారు, గుడి కూడా లేకుండా ఇళ్ళలోనే బైబిలు చదువుకునే చిన్న వర్గాలవారు ఉన్నారు. కేథలిక్కులూ ఉన్నారు. యూదులు అంటే బైబిలులోని ప్రజలు గదా అనేది వారి లెక్క. పిల్లలను తమ మతంలోకి లాగే ప్రయత్నం జరగలేదని అక్కడ పెరిగినవారు పలువురు తర్వాత చెప్పారు.

అబద్ధం చెప్పవచ్చునా

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దీనిని దాటవేసి షాంబొన్ కథను పొగడ్తగా చెప్పడం సులభం. కానీ ఆ ఊరివారే దాటవేయలేదు.

యుద్ధకాలంలో రేషను కార్డు లేనిదే రొట్టె దొరకదు. కార్డు కావాలంటే గుర్తింపు పత్రం కావాలి. యూదుడికి నిజమైన పత్రం ఉంటే దాని మీద యూదుడని ముద్ర ఉంటుంది. కనుక ప్రతి కొత్త నోటికీ ఒక దొంగ పేరు, దొంగ ఊరు, దొంగ కార్డు కావాలి. ఆ పని చేయడానికి కొండ మీద కొందరు తయారయ్యారు. వారిలో ఆస్కార్ రొసోవ్‌స్కీ అనే ఇరవై ఏళ్ళ యూదు కుర్రవాడు ఒక పొలంలోని ఇంట్లో కూర్చొని రాత్రింబగళ్ళు దొంగ ముద్రలు తయారుచేశాడు. యుద్ధానంతరం డాక్టరయ్యాడు.

అబద్ధమాడరాదని పిల్లలకు నేర్పిన ఇళ్ళు ఇవి. పది ఆజ్ఞలు కంఠతా వచ్చిన మనుషులు. ఇప్పుడు అయిదేళ్ళ పిల్లకు నీ అసలు పేరు ఎవరికీ చెప్పకు అని వారే నేర్పాలి. పరిశుద్ధంగా బ్రతకాలనుకునే సంఘానికి ఇది చిన్న విషయం కాదు. బైబిలు చదివేవారికి ఐగుప్తులో ఫరోను మోసగించి మగ శిశువులను బ్రతికించిన మంత్రసానులు గుర్తుకు వస్తారు. యెరికోలో వేగులవారిని మిద్దె మీద జనుపకట్టెలో దాచి, వారు వెళ్ళిపోయారని చెప్పిన రాహాబు గుర్తుకు వస్తుంది. కాల్విన్ ఈ భాగాలకు వ్యాఖ్య రాస్తూ, రాహాబు విశ్వాసం మెచ్చదగిందేననీ, అయినా ఆమె చెప్పిన అబద్ధం మాత్రం దోషమేననీ అన్నాడు. పని మంచిదైనంత మాత్రాన మచ్చ మచ్చ కాకపోదు. దేవుడు మచ్చ ఉన్న పనిని కూడా కృపతో స్వీకరిస్తాడు. ఇది కఠినంగా తోచవచ్చు. కానీ ఆలోచిస్తే, తప్పును ఒప్పు అనకుండానే చేయవలసిన పని చేసిన మనుషులకు ఇంతకంటే సరిపోయే బోధ దొరకదు. షాంబొన్‌వారు దొంగ కార్డులు చేశారు. చేసి గొప్పలు చెప్పుకోలేదు.

త్రోక్మెకు ఈ పరీక్ష స్వయంగా వచ్చింది. 1943 నడిమి నుంచి జర్మన్లు ఆయనను చంపడానికి చూస్తున్నారని కబురు రాగా ఊరు విడిచి అజ్ఞాతంలోకి వెళ్ళారు. జేబులో బెగే అనే మరో పేరుతో కార్డు. ఒకసారి లియాన్ రైల్వే స్టేషనులో కొడుకుతో ప్రయాణిస్తుండగా జర్మన్లు పట్టుకున్నారు. నీ పేరు ఇదేనా అని అడిగితే ఏమనాలి? అవునంటే అబద్ధం. కాదంటే చావు. దొంగ కార్డు జేబులో పెట్టుకోవడం వేరు, నోటితో అబద్ధం చెప్పడం వేరు అనిపించింది ఆయనకు. ఎదురుగా అడిగితే నిజమే చెప్పాలని నిశ్చయించుకున్నారు. అడిగే వరకు రాలేదు. కాపలావాళ్ళు ఆదమరచిన క్షణంలో కొడుకు చెయ్యి పట్టుకొని జనంలో కలిసిపోయారు. తన కార్డు మీది పేరు చూసి ఎవరూ ఏమీ అడగకపోవడం దేవుని దయ అన్నది ఆయన లెక్క. కొడుకు ప్రాణం కూడా ఆ జవాబు మీదనే వేలాడిందన్న సంగతి మాత్రం చదివేవారిని కలతపెట్టక మానదు.

అగ్గిపెట్టె

అంతకుముందు, 1943 ఫిబ్రవరి 13న, పోలీసులు త్రోక్మెను అరెస్టు చేయడానికి వచ్చారు. ఆయన ఇంట్లో లేరు. భోజనం వేళయింది. వచ్చినవారిని కూర్చోమని మగ్దా వడ్డించింది. అరెస్టు చేయడానికి వచ్చినవారికి అన్నం పెట్టడమేమిటని తర్వాత అడిగినవారికి, భోజనం వేళ గదా, అందులో విశేషమేముంది అన్నది ఆమె.

వార్త పొక్కింది. ఊళ్ళోవారు ఒక్కొక్కరే తలుపు తట్టి వచ్చారు. ఎవరు ఏది దాచుకున్నారో అది తెచ్చారు. సార్డీను చేపల డబ్బా ఒకరు, చాకొలెట్టు ఒకరు, వెచ్చని మేజోళ్ళు ఒకరు. ఒకరు కొవ్వొత్తి తెచ్చారు, అగ్గిపెట్టె లేదు. పోలీసు అధికారి తన జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఇచ్చాడు. త్రోక్మెను వీధిలో నడిపించుకు పోతుంటే ఇరువైపులా జనం నిలబడి కీర్తన పాడారు.

త్రోక్మెతో పాటు తెయిస్‌నూ, ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయుడు దార్సిసాక్‌నూ లిమోజ్ దగ్గరి ఒక శిబిరానికి తరలించారు. నెల రోజుల తర్వాత విడుదల కాగితం వచ్చింది. మార్షలు గారి ఆజ్ఞలన్నిటికీ లోబడతానని దాని మీద సంతకం చేయాలి. ప్రభుత్వోద్యోగి గనుక దార్సిసాక్ చేశారు. పాస్టర్లిద్దరూ చేయలేదు. లోబడతామని రాసి ఇచ్చి బయటకు పోయి లోబడకపోతే అది అబద్ధమవుతుంది గదా. శిబిరం అధికారికి వీళ్ళు పిచ్చివాళ్ళనిపించింది. సంతకం లేకుండానే మరునాడు వారినీ వదిలిపెట్టారు. ఎందుకు వదిలారో వారికి ఎవరూ చెప్పలేదు.

తిరిగిరానివారు

అందరినీ కాపాడలేకపోయారు. 1943 జూన్ 29 ఉదయం గెస్టపో పోలీసులు కాలేజీ విద్యార్థుల వసతి గృహం మీద పడ్డారు. ఈసారి ఫోను రాలేదు. దాని నిర్వాహకుడు దానియెల్ త్రోక్మె, పాస్టరు గారి దాయాది. వేరే ఇంట్లో ఉన్నాడు. పారిపోవడానికి వ్యవధి ఉంది. తన పిల్లలను పట్టుకుంటుంటే తాను పోలేనని వసతి గృహానికే వెళ్ళాడు. పద్దెనిమిదిమంది విద్యార్థులతో పాటు అతన్ని తీసుకుపోయారు. శిబిరం నుంచి శిబిరానికి మార్చి, చివరకు పోలండులోని మైదనెక్ చేర్చారు. 1944 ఏప్రిల్‌లో అక్కడ మరణించాడు.

ఊరి డాక్టరు రోజె ల ఫొరెస్తియే రోగం చూడడానికి కులం, మతం, దేశం అడిగేవాడు కాదు. 1944 ఆగస్టు 20న లియాన్ దగ్గర సెంజెని-లవాల్ అనే చోట జర్మన్లు నూరుమందికి పైగా ఖైదీలను కాల్చి చంపి ఇంటికి నిప్పుపెట్టారు. వారిలో ఆయన ఒకడు. మరి కొద్ది రోజుల్లో ఆ ప్రాంతం విముక్తమైంది.

యుద్ధం ముగిసేనాటికి ఫ్రాన్సు నుంచి సుమారు డెబ్బై ఆరు వేలమంది యూదులను రైళ్ళలో తూర్పు శిబిరాలకు పంపారు. వారిలో తిరిగి వచ్చినవారు చాలా కొద్దిమంది. షాంబొన్ పీఠభూమి మీద తలదాచుకున్నవారు అయిదు వేలమంది, వారిలో యూదులు మూడున్నర వేలు అని చాలాకాలం చెబుతూ వచ్చారు. అంత ఉండరనే పరిశోధకులూ ఉన్నారు. లెక్క రాసినవారెవరూ లేరు. రాస్తే ప్రమాదం.

తరువాత

ఆంద్రె త్రోక్మె యుద్ధం తర్వాత శాంతి ఉద్యమంలో పనిచేసి, జెనీవాలో పాస్టరుగా ఉండి, 1971 జూన్‌లో మరణించారు. యూదులను కాపాడిన అన్యజాతీయులను గౌరవించే యెరూషలేము సంస్థ యాద్ వషెమ్ ఆ సంవత్సరమే ఆయనను గుర్తించింది. దానియెల్‌కు 1976లోనూ, మగ్దాకు 1984లోనూ అదే గౌరవం దక్కింది. 1990లో ఊరు మొత్తానికీ, చుట్టుపక్కల ఊళ్ళకూ కలిపి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఒక ఊరిని ఊరుగా గౌరవించడం చాలా అరుదు. విలేఖరులు వెళ్ళి ఎందుకు చేశారని అడిగితే ముసలి రైతులు విసుక్కున్నారు. ఎవరో వచ్చారు, లోపలికి రమ్మన్నాం, అంతే అన్నారు. మగ్దా 1996లో కన్నుమూసింది.

దాక్కొని బ్రతికినవారు 1979లో గుడికి ఎదురుగా ఒక శిలాఫలకం పెట్టించారు. 2013లో ఆ పక్కనే జ్ఞాపక మందిరం తెరిచారు.

2020 డిసెంబరులో ఒక తొంభై ఏళ్ళ వృద్ధుడు మరణించాడు. ఆస్ట్రియాలోని యూదు కుటుంబంలో పుట్టినవాడు. 1943లో తల్లిదండ్రులతో, అమ్మమ్మతో షాంబొన్ చేరాడు. ఆ ఊరి బడిలో దాక్కున్నాడు. 1950 వరకు అక్కడే ఉండి, తర్వాత మందుల శాస్త్రం చదివి లియాన్ దగ్గర స్థిరపడ్డాడు. పిల్లలు లేరు. ఎప్పుడూ ప్రచారం కోరుకోలేదు. ఆయన వీలునామా తెరిచి చూస్తే, దాదాపు ఇరవై లక్షల యూరోలు షాంబొన్ ఊరికి రాసి ఉన్నాయి. ఆ డబ్బు ఊరి బడులకూ, పిల్లలకూ ఖర్చు చేయమని కోరాడు.